కారు బానెట్ తెరవడం ఎలా, మళ్ళీ సరిగ్గా మూయడం ఎలా

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా బామ్మర్ది ఫోను. "బావా, కారు స్టార్ట్ అవట్లేదు, పక్క ఫ్లాట్ ఆయన జంపర్ కేబుల్ పట్టుకొచ్చి నిలబడ్డాడు, బానెట్ తియ్యమంటున్నాడు, ఎక్కడుంది బావా అది?" కారు కొని రెండేళ్ళు దాటింది, ఒక్కసారీ తియ్యలేదు. సర్వీసుకిస్తే వాళ్ళే తీస్తారు, వాళ్ళే మూస్తారు, మనకెందుకులే అని ధీమా.

నవ్వే హక్కు నాకు లేదు. ఓసారి నాన్నా నేనూ హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తుంటే సూర్యాపేట దాటాక టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా ఎక్కింది. బండి పక్కకి తీసి ఆపి, సీటు పక్కన కింద ఒక లివర్ కనబడితే లాగాను, వెనకాల టక్ మని పెట్రోల్ మూత తెరుచుకుంది. దాని పక్కది లాగితే డిక్కీ తెరుచుకుంది. నాన్న ముందు నిలబడి "రాలేదురా, మళ్ళీ లాగు" అంటాడు, నేను మళ్ళీ లాగుతా, మళ్ళీ డిక్కీయే. చివరికి ఒక లారీ డ్రైవర్ ఆగి, వచ్చి, నా మోకాలి పక్కన చెయ్యి పెట్టి ఒక్కసారి లాగాడు, అంతే. ఏమీ అనలేదు, ఆ మౌనమే ఎక్కువైంది మాకు.

ఆ తర్వాత నుంచి చుట్టాల్లో, అపార్ట్‌మెంట్లో ఎవరు అడిగినా ఇదే చెప్తున్నా, చెప్పిందే చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నా. బ్యాటరీ డౌన్ అయినా, వైపర్ నీళ్ళు అయిపోయినా, ఎలుకలు దూరాయేమో చూడాలన్నా, ఇన్సూరెన్స్ డేటు దాటిపోతే ఇంజన్ వీడియో తీసి పంపమన్నా, అన్నిటికీ మొదటి పని ఇదే.

కావాల్సినవి

- కారు తాళం. చాలా కార్లలో బానెట్ లివర్‌కి కరెంటుతో పనిలేదు, అది ఉత్త తీగ లాగుడే, బ్యాటరీ పూర్తిగా చచ్చినా పనిచేస్తుంది. కాకపోతే ముందు డోర్ తీసుకుని లోపలికి వెళ్ళాలి కదా, రిమోట్ పనిచెయ్యకపోతే దాన్లో దాక్కుని ఉండే మామూలు తాళంచెవి బయటికి తీసి డోర్ తియ్యండి.
- ఫోన్ లైటు. పట్టపగలైనా కావాలి, డ్యాష్‌బోర్డు కింద ఎప్పుడూ చీకటే.
- ఒక పాత గుడ్డ. బానెట్ అంచు లోపల దుమ్మూ జిడ్డూ ఉంటుంది, ఎండలో నిలబెట్టిన బండైతే చెయ్యి కాలుతుంది కూడా.
- వీలైతే ఇంకో మనిషి. తప్పనిసరి కాదు గానీ ఇరుక్కుపోతే మాత్రం అవసరం.
- గ్లవ్ బాక్సులో ఉండే మాన్యువల్. అందులో బానెట్ అన్న మాట దొరక్కపోతే "హుడ్" అని వెతకండి, కొన్ని కంపెనీల పుస్తకాల్లో అలాగే ఉంటుంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళు కూడా హుడ్ అనే అంటారు, రెండూ ఒకటే.

లివర్ తెగిపోయినా, బిగిసిపోయినా ఒక నోస్ ప్లయర్, తుప్పు వదిలించే స్ప్రే, కొంచెం గ్రీజు కావాలి, వాటి సంగతి కింద చెప్తాను.

థియరీ ఒక్క ముక్కే, ఇది మాత్రం బుర్రలో పెట్టుకోండి: బానెట్‌కి రెండు లాకులు ఉంటాయి. లోపలి లివర్ మొదటిదాన్ని, అంటే ముందు అంచు మధ్యలో బానెట్‌ని పట్టి ఉంచే కొక్కేన్ని మాత్రమే వదిలిస్తుంది. రెండోది బయట, బానెట్ ముందు అంచు కింద ఒక చిన్న నాలుకలాగా ఉంటుంది, దాన్ని వేలితో కదిపితేనే పైకి లేస్తుంది. పొరపాటున లివర్ తగిలినా బండి నడుస్తుండగా బానెట్ లేచి అద్దానికి కొట్టుకోకుండా ఆపేది ఈ రెండోదే. "లివర్ లాగాను, టక్ మంది, కానీ తెరుచుకోలేదు" అని అడిగేవాళ్ళే ఎక్కువ, వాళ్ళందరికీ జవాబు ఇదే, మీ కారు బాగానే ఉంది, మీరు సగం దూరం వచ్చారంతే.

మొదలుపెట్టే ముందు

బండి సమంగా ఉన్న చోట ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజన్ ఆపండి. రోడ్డు పక్కనైతే నాలుగు ఇండికేటర్లూ వెలిగించండి.

ఇంజన్ వేడెక్కి ఆగిందనుకోండి, కంగారుపడి వెంటనే తెరవకండి. బానెట్ సందుల్లోంచి ఆవిరి వస్తుంటే అది తగ్గేదాకా పక్కన నిలబడండి. ఆ తర్వాత తీసినా రేడియేటర్ మూత గానీ కూలెంట్ డబ్బా మూత గానీ కనీసం అరగంట ముట్టుకోవద్దు, ఎంత తొందరున్నా సరే. ప్రెషర్ ఉన్న కుక్కర్ మూత బలవంతంగా తీస్తే ఏమవుతుందో తెలుసుగా, ఇదీ అదే, కాకపోతే ఇది ఎగిరేది మొహం మీదికి.

ఆవిరి వేరు, పొగ వేరు. కాలిన ప్లాస్టిక్ వాసన, నల్ల పొగ, మంట కనబడటం, బానెట్ మీద పెయింట్ బొబ్బలెక్కడం, వీటిలో ఏదున్నా బానెట్ అసలు తెరవద్దు. తెరిస్తే గాలి తగిలి మంట ఒక్కసారిగా లేస్తుంది. అందరినీ దింపి దూరం జరిగి 101కి గానీ 112కి గానీ ఫోన్ చెయ్యండి.

ఇంకోటి, చున్నీ, పమిట కొంగు, మెడలో గొలుసు, జారే లుంగీ, విరబోసుకున్న జుట్టు. ఇంజన్ ఆపేసినా రేడియేటర్ ఫ్యాన్ దానంతట అదే తిరగడం మొదలుపెట్టొచ్చు, వేడి బండిలో అది మామూలే. కాబట్టి కొంగు దోపుకుని, జుట్టు ముడేసుకుని అప్పుడు వంగండి.

ఇక అసలు పని

1. లివర్ వెతకడం. డ్రైవర్ డోర్ పూర్తిగా తీసి కిందకి వంగండి, సీట్లో కూర్చుని వెతికితే కనబడదు. మన కార్లలో స్టీరింగ్ కుడివైపు కాబట్టి ఎక్కువ బండ్లలో లివర్ డ్యాష్‌బోర్డు కింద కుడి మోకాలి దగ్గరో, లేదంటే ఇంకా కిందకి, యాక్సిలరేటర్‌కి కుడిపక్కన డోర్ వైపు గోడకో ఉంటుంది. నల్లటి ప్లాస్టిక్ పిడి, మూడు నాలుగు వేళ్ళు పట్టేంత. దాని మీద ముందు మూత లేచిన కారు బొమ్మ ఉంటుంది. పెట్రోల్ పంపు బొమ్మ ఉంటే అది పెట్రోల్ మూతది, వెనక మూత లేచిన బొమ్మ ఉంటే డిక్కీది. ఈ రెండూ చాలా బండ్లలో సీటు పక్కన నేల మీద ఉంటాయి, బానెట్‌ది ఎక్కువగా డ్యాష్‌బోర్డు కింద ఉంటుంది. నేను సూర్యాపేట దగ్గర ఈ ముక్క తెలియకే నవ్వులపాలయ్యాను.

అక్కడ లేదా? ఎడమవైపు, ముందు సీట్లో పక్కన కూర్చునేవాళ్ళ కాళ్ళ దగ్గర చూడండి. యూరప్‌లో స్టీరింగ్ ఎడమవైపు ఉండేలా డిజైన్ చేసిన కొన్ని కార్లని మనకోసం స్టీరింగ్ మార్చి అమ్ముతారు, ఆ లివర్ మాత్రం పాత చోటే ఉండిపోతుంది. లండన్లో అద్దె కారు తీసుకున్న మనవాళ్ళకి కూడా ఇదే తికమక. అమెరికాలో అయితే స్టీరింగే ఎడమవైపు కాబట్టి ఎడమ మోకాలి దగ్గరే చూడాలి.

2. లాగడం. నాలుగు వేళ్ళూ వెనక్కి పెట్టి మీ వైపుకి గట్టిగా, ఒకే ఊపులో లాగండి. చివర్న ముందు వైపు నుంచి "టప్" మని శబ్దం వస్తుంది, బానెట్ ముందు అంచు ఒక అంగుళం దాకా పైకి లేస్తుంది. ఆ శబ్దమే మీకు ఆనవాలు. చటుక్కున కుదిపినట్టు లాగకండి, పాతబడిన ప్లాస్టిక్ పిడి విరుగుతుంది. వదిలాక లివర్ దాని చోటికి అది వెనక్కి వెళ్ళాలి, వెళ్ళకపోతే మీరే నెట్టండి, ఇది ఎందుకో మూసేటప్పుడు తెలుస్తుంది.

కొన్ని బీఎండబ్ల్యూ కార్లలో లివర్‌ని రెండుసార్లు లాగాలి, రెండో లాగుడికి రెండో లాకు కూడా వదిలేస్తుంది, బయట నాలుక వెతకాల్సిన పనిలేదు.

3. వైపర్లు ఒకసారి చూసుకోండి. కడిగేటప్పుడు పైకి లేపి వదిలేశారేమో, అలాగే బానెట్ ఎత్తితే కొన్ని బండ్లలో రెండూ కొట్టుకుని గీతలు పడతాయి. అద్దం మీదికి వాల్చి అప్పుడు ముందుకి రండి.

4. బయటి నాలుక పట్టుకోవడం. అందరూ ఆగిపోయేది ఇక్కడే. బండి ముందు నిలబడి, బానెట్ లేచిన సందులో, కంపెనీ గుర్తుకి సరిగ్గా పైన లేదా దానికి కొంచెం అటూ ఇటూ, వేళ్ళు అరచెయ్యి పైకి ఉండేలా దూర్చండి. ముందు వంగి ఫోన్ లైటు వేసి కళ్ళతో చూడండి, గుడ్డిగా తడిమితే పావుగంట పడుతుంది. ఇనుపదో ప్లాస్టిక్‌దో వెడల్పు నాలుక తగులుతుంది. కొన్నిట్లో దాన్ని పైకి ఎత్తాలి, కొన్నిట్లో ఎడమకో కుడికో నెట్టాలి, కొన్నిట్లో మీ వైపుకి లాగాలి. ఏదో ఒక దిక్కుకే అది మెత్తగా స్ప్రింగులాగా కదులుతుంది, మిగతా దిక్కులకి బిర్రుగా ఉంటుంది, మెత్తగా కదిలిందే సరైన దిక్కు.

నాలుక కదలడం లేదంటే చాలాసార్లు తప్పు మనదే, ఒక చేత్తో బానెట్‌ని పైకి లాగుతూ ఇంకో చేత్తో నాలుక నెడుతుంటాం, అలా లాగితే నాలుక బిగుసుకుంటుంది. బానెట్‌ని ఒక్క పిసరు కిందకి నొక్కి, బరువు తగ్గించి, నాలుక నెట్టి, అప్పుడు ఎత్తండి. మా బామ్మర్దికి ఫోన్లో ఇదొక్కటే చెప్పాను, "కిందకి నొక్కి నెట్టరా" అన్నాను, పది సెకన్లలో "వచ్చింది బావా" అన్నాడు.

5. ఎత్తి నిలబెట్టడం. మధ్యలో పట్టుకుని ఒక చేత్తో పైకి ఎత్తండి. లోపల ముందు అంచు మీదో పక్కనో ఒక సన్నటి ఇనుప కడ్డీ క్లిప్పులో పడుకుని ఉంటుంది, అదే ఆసరా. రెండో చేత్తో దాన్ని తీసి, బానెట్ లోపలి వైపు దానికోసం ఉన్న రంధ్రంలో కొసని దూర్చండి. ఆ రంధ్రం పక్కన చాలా బండ్లలో బాణం గుర్తు ఉంటుంది. బానెట్ అడుగున ఇంకా చాలా రంధ్రాలుంటాయి, దొరికిందాంట్లో పెట్టేస్తే నిలబడ్డట్టే ఉండి, మీరు తల లోపల పెట్టాక జారుతుంది. పెట్టాక బానెట్‌ని కొంచెం అటూ ఇటూ కదిపి చూడండి, కొస గాడిలో కూర్చుంటే కడ్డీ కదలదు.

వేడి ఇంజన్ పక్కన ఉన్న కడ్డీ కూడా కాలుతుంది, దాని మీద రబ్బరో ఫోమో తొడుగు ఉన్న చోట పట్టుకోండి, లేదా గుడ్డతో. వైజాగ్ బీచ్ రోడ్డులాంటి చోట, ఈదురుగాలి వానలప్పుడు, బండి మొహం గాలికి ఎదురుగా పెట్టి బానెట్ ఎత్తొద్దు, గాలి కింద దూరి ఇంకా పైకి లేపితే కడ్డీ ఊడిపోతుంది. ఖరీదైన బండ్లలో కడ్డీ బదులు గ్యాస్ రాడ్లు ఉంటాయి, కొంచెం ఎత్తితే మిగతాది అవే లేపుకుంటాయి. అవి పాతబడితే మాత్రం బానెట్ మెల్లగా దిగి నెత్తి మీద కూర్చుంటుంది, అనుమానం ఉంటే ఒకర్ని పట్టుకోమనండి.

6. లోపల చూడాల్సింది చూసుకోండి. దాని గురించి వేరే పెద్ద కథ ఉంది గానీ ఇక్కడ రెండు మాటలు. పసుపుదో నారింజదో పిడి ఉన్న కడ్డీ ఇంజన్ ఆయిల్ చూసేది, అద్దం గుర్తూ నీళ్ళ ఫౌంటెన్ బొమ్మా ఉన్న మూత వైపర్ నీళ్ళది, అందులో తప్ప ఇంకెందులోనూ కుళాయి నీళ్ళు పొయ్యొద్దు. కరెంటు కారైనా, హైబ్రిడ్ అయినా నారింజ రంగు లావు కేబుళ్ళ జోలికి అస్సలు వెళ్ళొద్దు, అవి హై వోల్టేజీవి. ఎలుక వచ్చిపోయిన ఆనవాళ్ళు చూడాలంటే బ్యాటరీ మీద, ఎయిర్ ఫిల్టర్ డబ్బా పక్కన నల్లటి గింజల్లాంటి పెంటికలూ, బానెట్ అడుగున ఉండే దూది షీటు పీకిన తునకలూ వెతకండి. వానాకాలంలో చెయ్యి పెట్టే ముందు లైటు వెయ్యండి, ఎలుక వెళ్ళిన దారినే పాములూ వెళ్తాయి.

మూయడం

తెరవడం రాకపోతే బానెట్ మూసే ఉంటుంది, నష్టం లేదు. మూయడం రాకపోతే మాత్రం అది వంద స్పీడులో మీ కళ్ళముందు లేవొచ్చు. అందుకే ఈ భాగం పైపైన చదివి వదిలెయ్యకండి.

7. లోపల ఏమీ మర్చిపోలేదని చూడండి. గుడ్డ, స్పానర్, ఫోను, ఆయిల్ మూత. నేనోసారి తుడిచిన గుడ్డ బ్యాటరీ పక్కనే వదిలేశాను, మూడు రోజులు ఏదో మాడిన వాసన, ఎక్కడ్నుంచో తెలియలేదు. చివరికి ఆ గుడ్డ పైపు మీదికి జారి గోధుమరంగుకి తిరిగి దొరికింది, అంటుకోకపోవడం నా అదృష్టం.

8. ఒక చేత్తో బానెట్ పట్టుకుని, రెండో చేత్తో కడ్డీ తీసి, దాని క్లిప్పులో టక్ మనేలా నొక్కండి. ఊరికే పక్కన పడేసి మూస్తే కడ్డీ మధ్యలో అడ్డుపడి బానెట్ రేకు సొట్టపోతుంది, కడ్డీ వంగుతుంది, ఆ సొట్ట పైకి కూడా కనబడుతుంది.

9. మెల్లగా దించి, ఒక అడుగు ఎత్తు మిగిలాక వదిలెయ్యండి. అవును, వదిలెయ్యడమే. దాని బరువుకి అది పడి రెండు లాకులూ పట్టుకోవాలి. చాలామందికి మనసొప్పదు, కొత్త బండి కదా అని పసిబిడ్డని పడుకోబెట్టినట్టు దించి, ఆ తర్వాత రెండు అరచేతులూ పెట్టి మధ్యలో నొక్కుతారు. ఇప్పటి కార్ల రేకు పల్చన, నొక్కిన చోట అరచెయ్యంత గుంట పడుతుంది, అది పోవాలంటే డెంటింగ్ షాపుకే. చిన్న కార్ల బానెట్ తేలిక కాబట్టి ఇంకో నాలుగు వేళ్ళు పైనుంచి వదిలినా ఏమీ కాదు, పెద్ద ఎస్‌యూవీలది బరువు, కొంచెం తక్కువ ఎత్తు చాలు. గ్యాస్ రాడ్లున్నవి కిందకి లాగి, చివరి అడుగులో వదలాలి.

పడకపోతే? నొక్కొద్దు. మళ్ళీ లివర్ లాగి, నాలుక నెట్టి, ఎత్తి, ఇంకొంచెం పైనుంచి వదలండి. వేళ్ళు అంచు దగ్గర లేకుండా చూసుకోండి, పక్కన పిల్లలుంటే ముందు వాళ్ళని జరపండి, వాళ్ళ వేళ్ళు సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటాయి.

పడిందో లేదో ఎలా తెలుస్తుంది

చెవితో: సరిగ్గా పడితే ఒకటే నిండు శబ్దం, "ధబ్" మని. సగం పడితే "చిక్" మని సన్నగా, డొల్లగా వస్తుంది. రెండు మూడుసార్లు మూస్తే మీకే తేడా తెలిసిపోతుంది.

చేత్తో: ముందు అంచు కింద వేళ్ళు పెట్టి పైకి లాగండి. కొంచెమైనా లేచి, మళ్ళీ కిందకి దిగుతుంటే అది రెండో నాలుక మీదే వేలాడుతోంది, మొదటి లాకు పడలేదు. అస్సలు కదలకపోతే పడింది.

కంటితో: బండికి రెండడుగులు ముందు కూర్చుని, హెడ్‌లైట్ల పైన బానెట్‌కీ బంపర్‌కీ మధ్య సందు చూడండి. రెండు వైపులా ఒకేలా ఉండాలి. ఒక పక్క వేలు దూరేంత ఉండి ఇంకో పక్క మూసుకుపోయి ఉంటే సరిగ్గా కూర్చోలేదు. కొత్త కార్లలో కొన్ని మీటర్ల దగ్గర బానెట్ తెరిచిన బొమ్మ చూపిస్తాయి, కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి, చెయ్యి పెట్టి లాగి చూడటానికి రెండు సెకన్లు పడుతుంది అంతే. సర్వీసు నుంచి బండి తెచ్చుకున్న రోజు కూడా గేటు దాటకముందే లాగి చూడండి, వాళ్ళు మూశారు కదా అనుకోవద్దు.

మొండికేస్తే

లివర్ బిర్రుగా ఉంది, లాగినా టప్ మనడం లేదు. చాలాకాలం తెరవని బండ్లలో, దుమ్ము పట్టిన వాటిలో మామూలే. ఒకరు లోపల లివర్ లాగి పట్టుకోండి, ఇంకొకరు బయట బానెట్ ముందు అంచు మధ్యలో, కొక్కెం ఉన్న చోట, అరచేత్తో కిందకి నొక్కి టక్కున వదలండి. నొక్కగానే కొక్కెం మీద బిగువు తగ్గుతుంది, వదలగానే లేస్తుంది. ఇందాక నొక్కొద్దన్నాను కదా అంటారేమో, అది మధ్య రేకు మీద బరువంతా వేసి నొక్కడం, ఇది అంచు మీద, మెల్లగా. నేను చూసినంతలో ఇరుక్కున్న బానెట్లలో ఎక్కువ ఈ ఒక్క దెబ్బకే వచ్చేస్తాయి. ఒక్కరే ఉంటే లివర్‌ని లాగి ఒక తాడుతో సీటుకి కట్టి వెళ్ళి నొక్కండి, అయ్యాక తాడు విప్పడం మర్చిపోతే మాత్రం నా తప్పు కాదు, బండి కదిలించకముందే విప్పాలి. అమెరికాలో మంచు పడే ఊళ్ళలో ఉన్నవాళ్ళకి అంచు రబ్బరు గడ్డకట్టి ఇలాగే అతుక్కుంటుంది, ముందు మంచు దులిపి, ఆ తర్వాత ఇదే పద్ధతి.

లివర్ వదులుగా ఉంది, లాగితే చేతికి బరువే తగలదు. తీగ తెగింది లేదా పిడి దగ్గర ఊడింది. లివర్ వెనక్కి లైటు వేసి చూడండి, తీగ కొస గుండు పిడిలోంచి జారి ఉంటే నోస్ ప్లయర్‌తో ఆ తీగనే పట్టుకుని లాగండి, తెరుచుకుంటుంది. పిడి విరిగినా ఇదే మందు. అటువైపు కొక్కెం దగ్గర తెగితే మనవల్ల కాదు, మెకానిక్ ముందు గ్రిల్ లోంచో కింద నుంచో అందుకుంటాడు. స్క్రూడ్రైవర్ సందులో పెట్టి పైకి తన్నడం మాత్రం వద్దు, ఒక చిన్న తీగ కోసం పెయింటు, అంచు, గ్రిల్ మూడూ పోగొట్టుకుంటారు. ఈసారికి ప్లయర్‌తో వచ్చింది కదా అని మూసేసి నెలలు తిప్పకండి, బ్యాటరీ డౌన్ అయ్యేది అర్ధరాత్రే, ముందే తీగ మార్పించండి.

బానెట్ పడటం లేదు, ఎంత ఎత్తునుంచి వదిలినా ఎగిరి వస్తోంది. మొదట లోపలి లివర్ చూడండి, అది బయటికే ఉండిపోయి ఉంటుంది. అది వెనక్కి వెళ్ళకపోతే కొక్కెం పట్టుకోదు, నెట్టి మళ్ళీ వదలండి. అదీ కాకపోతే ముందు అంచు దగ్గర కొక్కెం చూడండి, ఎవరో స్క్రూడ్రైవర్‌తో కదిపితే అది ముందే లాక్ అయిపోయి ఉంటుంది, లోపల లివర్ ఒకసారి లాగితే మళ్ళీ తెరుచుకుంటుంది. ఇవి రెండూ కాకపోతే అంచుల్లో ఉండే రబ్బరు గుండీలు చూడండి, అవి స్క్రూలాగా తిరుగుతాయి, ఎక్కువ పైకి వచ్చేస్తే బానెట్‌ని కిందకి దిగనివ్వవు. ఒక చుట్టు కిందకి తిప్పి చూడండి. ఎక్కడైనా ముందు గుద్దుకుని ఉంటే మాత్రం కొక్కెం పక్కకి జరిగి ఉంటుంది, అది షెడ్డు పనే.

నాలుక తుప్పు పట్టి కదలడం లేదంటే సందులోంచి డబ్ల్యూడీ-40 లాంటిది కొట్టి పది నిమిషాలు ఆగండి. తెరిచాక పాత బ్రష్షుతో కొక్కెం శుభ్రం చేసి, గుడ్డతో తుడిచి, కొంచెం గ్రీజు పెట్టి నాలుగైదు సార్లు నాలుక కదపండి. స్ప్రే కొట్టి వదిలేస్తే నెలకే మళ్ళీ మొదటికొస్తుంది, అది ఎండిపోతుంది, గ్రీజే నిలుస్తుంది.

మీ బండి వీటిల్లో ఒకటైతే

మారుతి ఓమ్ని, ఈకో ఉన్నవాళ్ళు ముందు మూత తీసి ఇంజన్ ఏదని అడక్కండి, అది మీ ముందు సీట్ల కింద ఉంది, సీటు ఎత్తాలి. టాటా నానోలో ముందు మూత తీస్తే స్టెప్నీ కనబడుతుంది, ఇంజన్ వెనకాల. టెస్లా ఉన్నవాళ్ళకి ముందు మూత స్క్రీన్ మీదో ఫోన్లోనో నొక్కాలి, లివర్ కోసం కింద పాకకండి.

నడుస్తుండగా బానెట్ లేస్తే

ముందు సన్నగా వణుకుతుంది, యాభై అరవై దాటగానే ముందు అంచు ఊగడం కనబడుతుంది. అప్పుడే పక్కకి ఆపి మళ్ళీ మూస్తే అక్కడితో పోతుంది. పట్టించుకోక వెళ్ళి అది పూర్తిగా లేచి అద్దానికి కొడితే, సడన్ బ్రేక్ వెయ్యొద్దు, వెనకొచ్చే లారీ మీ మీదికి ఎక్కుతుంది. స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలి, నాలుగు ఇండికేటర్లూ వేసి, సీట్లో కిందకి ఒదిగి చూడండి, చాలా బండ్లలో లేచిన బానెట్ కింద సన్నటి సందులోంచి రోడ్డు కనబడుతుంది. కనబడకపోతే కుడి కిటికీలోంచి తల పెట్టి చూసుకుంటూ మెల్లగా ఎడమ అంచుకి తీసి ఆపండి.

ఒకసారి అలా లేచిన బానెట్‌కి కీళ్ళు వంగిపోతాయి, మళ్ళీ మూసినా లాకు పట్టదు. దించి, తాడుంటే గ్రిల్‌లోంచి దూర్చి ముందు బంపర్ కింద ఇనుప కొక్కేనికి గట్టిగా బిగించి కట్టి, ముప్ఫై దాటకుండా దగ్గర్లో ఉన్న షెడ్డు దాకా వెళ్ళండి. తాడు లేకపోతే టోయింగ్ బండి పిలవండి, చున్నీతో కట్టి హైవే ఎక్కకండి.